బ్యాక్ టు బ్యాక్

అమీర్‌పేటల మెట్రో పిల్లర్ పక్కపొంటి
మా జిరాక్సు దుకాణం.
కోచింగు పోరగాళ్లు నోట్సు తెచ్చి అంటరు,
అక్కా, బ్యాక్ టు బ్యాక్ కొట్టు, కాయితం కలిసొస్తది.

నా ఫైలు కూడ నేనే కొట్టుకున్న,
షట్టర్ సగం దించినంక.
పేరు: స్వరాజ్యం. వయసు: ముప్పై నాలుగు.
పార్టీల తిరిగిన మా తాత పెట్టిన పేరది.
నా మీద నాకే రాజ్యం లేకపాయె.

కింద డాక్టరమ్మ సన్నటి రాత, కుడికి వాలి ఉన్నది.
రెండు జబ్బుల పేర్లు.
నడుమ ఒక ప్లస్ గుర్తు.
గిసువంటి కూడిక నేను బళ్లె చదువలే.

సినిమాలల్ల చూపిస్తరు చూడు
ఒక ఒంట్ల ఇద్దరు, లైటు ఆరి వెలిగేసరికి గొంతు మారుడు,
అది కాదు.
నేను ఒక్కదాన్నే.
పొద్దుగాల పండ్లు తోముకునేదీ నేనే,
సాయంత్రానికి అదే అద్దం మీద తువ్వాల కప్పేదీ నేనే.

మొదటి జబ్బు అంటది: పోకు.
పోతే ఈ గోడలు నన్ను నమిలి ఊస్తయి.
ఫర్జానాకు పదిహేడు సార్లు ఫోన్ చేపిస్తది,
పదిహేడోసారి తిట్టిస్తది,
పద్దెనిమిదోసారి కాళ్లు పట్టిస్తది.

రెండోది అంటది: రాకు.
వస్తే మొఖం చూస్తవు,
మూల మీద పడ్డ విడిచిన బట్టలు చూస్తవు,
ఇంతేనా ఈమె, అనుకుంటవు.

టోలిచౌకి నుంచి రెండు బస్సులు మారి
ఆమె నిజంగనే వస్తది.
బోరబండల మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
నేను లైటు ఆర్పి, ఫ్యాను బందు చేసి,
ఊపిరిని చెప్పుల లెక్క చేతుల పట్టుకొని
తలుపు వెనక నిలబడ్త.
పిలిచింది నేనే.

ఓనర్‌కు పంటినొప్పి అని చెప్పి
బుధవారం బుధవారం ఎర్రగడ్డకు పోత.
ఇప్పటిదాంక పీకించుకున్న లెక్కన
నా నోట్ల ఒక్క పన్ను ఉండొద్దు.
పంపు కాడ బిందెల కొట్లాటల ఎవరో అంటరు,
దీన్ని ఎర్రగడ్డకు తోలాలె!
అందరు నవ్వుతరు.
నేను అందరికంటె కొంచెం ఎక్కువ నవ్వుత.

గోలీ లేదా మేడం, అని అడిగిన.
నిద్రకు ఉన్నది, అన్నది.
మిగిలిందంత మాట్లాడుకునుడే, ఏండ్లు పడ్తది.
ఏండ్లు అంటె ఎన్ని అని అడగలే.
ఒకటి అడుగు అన్నది, ఇంకోటి నోరు మూసింది.

ఫర్జానా తలుపు కొట్టదు.
మెట్ల మీద కూసొని మిర్చి పొట్లం విప్పుతది.
వాసన ముందుగాల లోపలికొస్తది,
తర్వాత తలుపు కింద సందుల నుంచి
నూనె తాగిన పేపరు ముక్క,
దాని మీద పెన్నుతోటి గీకిన మాట:
రెండు మిగిలినయి, ఉల్లిగడ్డ ఉన్నది.
ఆ ముక్కలన్ని దాచిపెట్టిన.
జిరాక్సు తీద్దామని చూసిన ఒకసారి,
నూనె కాడ అంత నల్లగ వచ్చింది.

ఒక రోజు పేపరు రాలే.
నాకు చెమటలు పట్టినయి. పోయిందా?
పోయినట్టుంది. మంచిదే పోయింది.
ఎందుకు పోతది, పోవుడేంది, ఎవర్నడిగి పోతది!
తిట్టుకుంటనే, ఏడ్చుకుంటనే
గొలుసు తియ్యకుండ తలుపు ఇంత తెరిచిన.

సందుల సగం ఆమె.
ఒక కన్ను, సగం ముక్కు,
మెరుస్తున్న నూనె వేళ్లు.

ఉల్లిగడ్డ అయిపోయింది, అన్నది.